ఐదో తరగతి పిల్లకి కాళ్ళబంధం

మా ఊరి బడికి జిల్లా నుంచి ఆఫీసరు వస్తున్నాడని తెలిసిన రోజునే నేను మా అమ్మాయి కనిషాయ్ చొక్కాలన్నిటి మీదా పేరు కుట్టేశాను. పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్ళిపోతే బట్టల మీద పేరుండాలి కదా. ఎక్కడికి తీసుకెళ్తారే అని మా అత్తయ్య అడిగింది. నాకు తెలియదు. తెలియకపోబట్టే కుట్టాను.

ఆఫీసరు ఎందుకొస్తున్నాడో టోతూయా టీచరు తల్లిదండ్రులందరినీ కూచోబెట్టి చెప్పింది. పిల్లలు మూడు రకాలట. కంటితో నేర్చుకునేవాళ్ళు, చెవితో నేర్చుకునేవాళ్ళు, చేత్తో నేర్చుకునేవాళ్ళు. పరీక్ష పెట్టి ఎవరు ఏ రకమో తేల్చి, గుండె మీద బిళ్ళ అంటిస్తారట. కంటి పిల్లలకి నీలం, చెవి పిల్లలకి పసుపు, చేతి పిల్లలకి ఎరుపు. ఆ తర్వాత ఎవరికి ఎలా చెప్పాలో అలా చెబుతారట.

"మూడింట్లో ఏదీ కాకపోతే?" అన్నాను.

గదిలో అందరూ నా వైపు తిరిగారు. మీటింగులో అడిగేది ఎప్పుడూ నేనే కాబట్టి వాళ్ళకి అలవాటే.

"ఏదో ఒకటి ఉంటుంది బురుల్ అక్కా," అంది టీచరు.

"లేకపోతే?"

టీచరు చేతిలో కాగితాలు వెనక్కీ ముందుకీ తిప్పింది. చివరి పేజీలో, అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది. ఏ విధంగానూ నేర్చుకోని పిల్లల్ని కనుమ అవతలి వసతి బడికి మార్చాలి.

నేను అనుకున్నదే. ఎప్పుడూ అంతే, నేను అనుకున్నది ఏ కాగితంలోనో అడుగున రాసే ఉంటుంది. కనుమ అవతల అంటే బస్సులో ఏడు గంటలు. ఆ కనుమ మీద ఏటా మంచు జారి దారి మూసుకుపోతుంది. వసతి బళ్ళలో బొగ్గు పొయ్యి పొగ గదిలో నిండిపోతుందని, పేలు పడతాయని, రొట్టె పెద్ద పిల్లలు లాక్కుంటారని విన్నాను. కనిషాయ్‌కి పదకొండేళ్ళు. ఇప్పటిదాకా మా కప్పు కింద తప్ప ఎక్కడా పడుకోలేదు.

కనిషాయ్ సంగతి చెప్పాలి. బోర్డు మీద రాసింది దానికి ఎక్కదు. చెప్పింది అసలే ఎక్కదు. ఏడు ఎనిమిదులు ఎంతంటే కిటికీలోంచి చూస్తుంది. ఏడేసి కంబళి ముక్కల్ని ఎనిమిది వరసలు పేర్చమంటే పేర్చి, యాభై ఆరు అని చెప్పి, ఇంక జన్మలో మరిచిపోదు. కనిపించిందల్లా విప్పి చూస్తుంది. కరెంటు మీటరు విప్పిన రోజున నేను ఈ మూల నుంచి అరుస్తూనే ఉన్నాను, అది ఆ మూల మళ్ళీ బిగించేసింది. టీచరమ్మ కుర్చీ కిర్రుమంటోందని విప్పి బిగించి, కిర్రు లేకుండా చేసింది. దానికీ తిట్లే తిన్నది. టీచరు లేస్తోందని పిల్లలకి ఆ కిర్రుతోనే తెలిసేదట, ఆ రోజు అల్లరి చేస్తూ తొమ్మిదిమంది దొరికిపోయారు.

మా ఆయన గొర్రెలతో కొండ మీదున్నాడు. ఒక బండ ఎక్కితేనే ఆయన ఫోనుకి సిగ్నలు. "పిల్లని తీసుకెళ్ళిపోతారేమోనండీ," అన్నాను. "ఎవరు?" అన్నాడు. "ఆఫీసరు." "ఎందుకు?" "తెలియదు." ఆయన బండ దిగిపోయాడు.

గురువారం ఆఫీసరు వచ్చాడు. పేరు సాగిన్‌బెక్. లావుపాటి మనిషి, యాభై దాటి ఉంటాయి, చేతిలో తోలు పెట్టె, పెట్టెలో రంగుల బిళ్ళలు. నేను పొద్దున్నే దిష్టి తగలకుండా జునిపెర్ ఆకు కాల్చి పిల్ల చుట్టూ మూడుసార్లు పొగ తిప్పాను. నాలుగోసారి కూడా తిప్పాను, మూడు చాలకపోతే ఏం చేస్తాం. పిల్ల దగ్గుతూ బడికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళి కిటికీ కింద నిలబడ్డాను.

కంటి పరీక్షకి ముప్పై బొమ్మల అట్టలు ఇచ్చాడు. చూసి, గుర్తుపెట్టుకుని, బోర్లించాలి. కనిషాయ్ వాటిని ఒకదానికొకటి ఆనించి మూడంతస్తుల ఇల్లు కట్టింది. సున్నా.

చెవి పరీక్షకి ఒక చిన్న పెట్టె పెట్టాడు. అందులోంచి ఒక నక్క కథ వస్తుంది, విని సమాధానాలు చెప్పాలి. ఆ పెట్టె కనిషాయ్ బల్ల మీద పెట్టాడు. ఖర్మ. నక్క నది దాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది. పెట్టె వెనక మరలు నాలుగూ పిల్ల ఒళ్ళో ఉన్నాయి.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు.

"నక్క ఎక్కణ్ణించి మాట్లాడుతోందో చూస్తున్నాను బాబాయ్."

సున్నా.

ఇంక చేతి పరీక్ష. నేను కిటికీ గట్టు పట్టుకుని ఊపిరి బిగబట్టాను. చేతి పరీక్ష దానిది. అందులో దాన్ని మించినవాళ్ళు ఈ లోయలోనే లేరు. ఆఫీసరు అందరికీ తలొక కాగితం పంచాడు. టీచరమ్మ పైకి చదివింది. "చేత్తో నేర్చుకోవడం అంటే ఏమిటి? పది వాక్యాల్లో రాయండి. రాసే ముందు చేతులు కట్టుకుని ఐదు నిమిషాలు ఆలోచించండి."

కనిషాయ్ చేతులు కట్టుకుని ఐదు నిమిషాలు కూచుంది, పాపం. ఆ తర్వాత ఆ కాగితాన్ని మడిచింది. మడిచి, మళ్ళీ మడిచి, గోటితో నొక్కి, గుండ్రటి గుడారం చేసింది. మా ఊళ్ళో వేసవికి కొండ మీద వేసుకునే గుడారం ఎలా ఉంటుందో అలాగే, పైన పొగ పోయే కిటికీతో సహా. దారం లాగితే ఆ కిటికీ మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. దారం తన చొక్కా మీద నేను కుట్టిన పేరులోంచి పీకింది.

సాగిన్‌బెక్ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. దారం లాగాడు. వదిలాడు. మళ్ళీ లాగాడు. చివరికి నిట్టూర్చి తన పుస్తకంలో రాశాడు. "సమాధాన పత్రం పాడు చేయబడినది."

మూడు సున్నాలు. ఎరుపు బిళ్ళలు ఊళ్ళో ఇద్దరికి వచ్చాయి. ఇద్దరూ దస్తూరి బాగా రాసే పిల్లలే. అందులో ఒకడికి బూటు లేసు వాళ్ళమ్మ కడుతుంది.

"శనివారం సంతకాలు," అని టోతూయా టీచరు మా ఇంటికొచ్చి చెప్పింది. ఆమె మొహం కూడా బాగాలేదు. "మిగతా ఊళ్ళు కూడా చూసుకుని శనివారం ఇక్కడికే వస్తాడు. అప్పుడు మార్పు కాగితం రాస్తాడు అక్కా. నేను చెప్పాను, ఈ పిల్ల చేత్తో నేర్చుకుంటుందండీ అని. రుజువు కావాలన్నాడు. రుజువు అంటే రాసింది."

నేను కూచుని ఏడవడం మొదలుపెట్టాను. మా అత్తయ్య ఏడవలేదు. టీ పోసి, నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెముక్కల పళ్ళెం ముందుకు జరిపి, తాపీగా అంది.

"ఇదంతా జెక్షెన్ వల్లే."

"లాడాలు కొట్టే జెక్షెన్ తాతా? ఆయనేం చేశాడు?"

"పిల్ల కాళ్ళబంధం ఎవరు కోశారే?"

అప్పుడు గుర్తొచ్చింది. మాలో పిల్ల మొదటి అడుగులు వేస్తే కాళ్ళకి నలుపు తెలుపు ఉన్ని తాడు కట్టి నిలబెడతాం. జనం దూరం నుంచి పరుగెత్తుకొస్తారు. ముందొచ్చినవాళ్ళు తాడు కోస్తారు. కోసినవాళ్ళ గుణం పిల్లకి వస్తుంది. కనిషాయ్‌కి కట్టిన రోజున మేమంతా డాక్టరుగారి కొడుకు గెలవాలని చూస్తుంటే, జెక్షెన్ తాత ఎక్కణ్ణించో దూసుకొచ్చాడు. ఆయన అసలు పందెంలో లేడు. ఆయన మేక తాడు తెంపుకుంది, దాని వెనక పరుగెత్తుతున్నాడు. మేక మా పిల్ల పక్కనుంచి పోయింది, ఆయన ముందొచ్చినట్టయింది. కత్తి చేతిలో పెడితే కోసేశాడు. ఆయన చెయ్యి పెట్టని ఇనుము లేదు, సంతకం మాత్రం ఈనాటికీ వేలిముద్రే.

"మళ్ళీ కట్టాలి," అంది అత్తయ్య. "ఈసారి చదువుకున్నవాడు కొయ్యాలి."

"పదకొండేళ్ళ పిల్లకి కాళ్ళబంధమా? జనం నవ్వరూ?"

"కనుమ అవతలికి పంపించి ఏడుస్తావో, ఇక్కడే ఉంచుకుని జనంతో నవ్వించుకుంటావో. ఏది కావాలి?"

"చదువుకున్నవాడంటే ఎవరు?"

"ఆ ఆఫీసరే. శనివారం వస్తున్నాడు కదా."

దీనికంటే పిచ్చి మాట నేను వినలేదు. కానీ నా దగ్గర ఇంకో మాట కూడా లేదు. సరే అన్నాను.

తాడు పేనడం నాయనమ్మ పని. కానీ అత్తయ్య వేళ్ళు కీళ్ళనొప్పులతో వంకర్లు తిరిగిపోయాయి. నేను పేనబోతే ఉన్ని తెగిపోతోంది. అందుకని తన కాళ్ళకి కట్టే తాడు కనిషాయే పేనింది. అత్తయ్య నోటితో చెబితే దిక్కులు చూసింది. "ఏదీ, ఇటు రా," అని అత్తయ్య తన వంకర వేళ్ళు దాని వేళ్ళ మీద పెట్టి రెండు మెలికలు తిప్పింది. అంతే, ఇంక ఆపడం మా వల్ల కాలేదు. రెండు పోగుల తాడు కావాలంటే ఎనిమిది పోగులు వేసింది. మధ్యలో గుర్రం తోక వెంట్రుకలు పెట్టింది.

"గుర్రం వెంట్రుకలెందుకే?"

"లేకపోతే సాగుతుందమ్మా."

ఇక కత్తి. ఆ ఆఫీసరుకి కాయితాలు తప్ప ఏదీ కోసిన అలవాటుండదు. పరుగెత్తుకొచ్చిన ఆయాసంలో చెయ్యి జారితే? పిల్ల కాలి నరం తెగితే? శనివారం పొద్దున్నే ఎవరూ చూడకుండా ఆ కత్తి తీసుకెళ్ళి వాగు ఒడ్డున రాయికేసి అంచు మొత్తం అరగదీశాను. దానితో వెన్న కూడా తెగదు. అప్పుడు కాస్త నెమ్మదించింది మనసు.

సాగిన్‌బెక్ బడి దగ్గర కారు దిగగానే అత్తయ్య రొట్టె పట్టుకుని ఎదురెళ్ళింది. "నాకు పని ఉందమ్మా," అన్నాడు. "ఒక్క ముక్క బాబూ," అంది. రొట్టె వద్దనడం ఎవరికీ కుదరదు కదా, తుంచి నోట్లో పెట్టుకున్నాడు. "అయితే ఇప్పుడు నువ్వు మా అతిథివి," అంది అత్తయ్య. "మా ఇంట్లో కాళ్ళబంధం వేడుక. రా."

"మంచిది, మంచిది. పాపకి ఏడాది నిండిందా?"

"పదకొండు నిండాయి."

ఆయన నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది.

బడి వెనక మైదానంలో కంబళి పరిచి కనిషాయ్‌ని నిలబెట్టాం. కాళ్ళకి తాడు కట్టాం. అంటే, అదే కట్టుకుంది. అవతలి చివర దాదాపు నలభైమంది బారు తీరారు. అత్తయ్య వాళ్ళ ముందు నడుస్తూ ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తూ చెప్పింది. "ఆఫీసరు గెలవాలి. ఆయనకంటే ముందు ఎవరొచ్చినా సరే, వాళ్ళింట్లో టీ నేను ముట్టను. నా చావుకి కూడా వాళ్ళు రానక్కర్లేదు."

"నా కాళ్ళు నా మాట వినవమ్మా," అన్నాడు జెక్షెన్ తాత. ఆయనకి అరవై ఎనిమిది. "పరుగు అన్న మాట వినపడితే చాలు, అవి వెళ్ళిపోతాయి."

"అయితే నువ్వు రాకు."

"పిల్ల వేడుకకి రాకుండా ఎలా?"

చివరికి ఆయన భుజాల మీద పొట్టేల్ని ఎక్కించారు, బరువుకి.

పరుగు మొదలైంది. అలాంటి పరుగు నేనెప్పుడూ చూడలేదు. ముందు సాగిన్‌బెక్, కోటు గుండీలు పెట్టుకుని, ఒక చేత్తో ఫైలు పట్టుకుని. వెనక నలభైమంది, మోకాళ్ళు పైకెత్తుతూ, చేతులు ఊపుతూ, అంగుళం ముందుకు రాకుండా. సగం దూరంలో ఆయన ఆగాడు. నడుం పట్టుకుని వంగి రొప్పుతున్నాడు. వెనక నలభైమందీ ఆగలేరు కదా, పందెం కదా, ఉన్నచోటే పరుగెత్తుతున్నారు. దుమ్ము లేస్తోంది. టోతూయా టీచరు పొరపాటున ఆయన్ని దాటేసి, చూసుకుని, వెనక్కి వెనక్కి పరుగెత్తుకుంటూ వచ్చింది. జెక్షెన్ తాత పొట్టేలుతో రెండో స్థానంలో ఉన్నాడు. పొట్టేలు మెడ చాచి ఆఫీసరు జేబులో ఏదో వాసన చూస్తోంది.

ఈయనకి ఏమైనా అయితే? పిల్ల కాళ్ళు కట్టి ఉండగా ఆఫీసరు కింద పడి పోతే, అది మా పిల్ల కాగితంలో రాస్తారా, రాయరా?

"నీళ్ళు కావాలా బాబూ?" అని అరిచాను.

"ఎవరూ ముట్టకండి!" అని అత్తయ్య అరిచింది. "తనే రావాలి!"

వచ్చాడు. ఎలాగో వచ్చి కంబళి ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. జెక్షెన్ తాత పొట్టేలుతో సహా ఆయన పక్కనే ఆగాడు. అత్తయ్య కత్తి ఇచ్చింది. ఆయన తాడు మీద పెట్టి లాగాడు. లాగాడు. రంపంలాగా కోశాడు. ఉన్ని మీద గీత కూడా పడలేదు.

"మీ కత్తి తెగడం లేదు."

జనం అందరూ కత్తి వంక చూశారు. నేను ఆకాశం వంక చూశాను.

"నా కత్తి ఇస్తాను," అని జెక్షెన్ తాత బెల్టులోంచి తీయబోయాడు.

"కూడదు," అంది అత్తయ్య. "కత్తి మారితే పిల్ల రాత రెండు ముక్కలవుతుంది."

"అయితే పిల్లే విప్పుకుంటుంది," అన్నాడు ఆఫీసరు.

"అసలు కూడదు. గెలిచినవాడే విప్పాలి. తన బంధం తనే విప్పుకున్న ఆడపిల్లకి జన్మంతా తన పని తనే చేసుకోవాల్సొస్తుంది."

అది ఎలాగూ తప్పదనుకున్నాను గానీ పైకి అనలేదు.

సాగిన్‌బెక్ కత్తి పక్కన పెట్టి ముడి మీద పడ్డాడు. గోళ్ళతో పీకాడు. పళ్ళతో కూడా చూశాడు. చుట్టూ జనం సలహాలు మొదలుపెట్టారు.

"ఎడమ కొస లాగండి!"

"అది కాదు, తెల్లది!"

"ఆయనకి తెల్లదేదో నల్లదేదో తెలియడం లేదు, కళ్ళజోడు పెట్టుకోమనండి!"

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. పుస్తకం తీశాడు. "అమ్మాయ్, ఇది ఎలా కట్టావో వరసగా చెప్పు. రాసుకుంటాను."

కనిషాయ్ మొహం ముడుచుకుంది. దానికి మాటలు రావడం కష్టం. "మొదటిది ఇలా వస్తుంది బాబాయ్. తర్వాత అది దీని కిందకి. అప్పుడు ఇది కోపంగా ఉంటుంది. దాన్ని వదులు చెయ్యాలి."

"ఏది కోపంగా ఉంటుంది?"

"ఇది."

ఆయన రాసుకున్నాడు. రాసుకున్నది చదివి చూశాడు. లాభం లేదు. ముడిని బొమ్మ గీసుకున్నాడు. బొమ్మ చక్కగా వచ్చింది, జనం మెచ్చుకున్నారు. బొమ్మ చూసి విప్పబోతే ముడి ఇంకా బిగుసుకుంది. పిల్ల పాదాలు ఎర్రబడుతున్నాయి. రక్తం ఆగిపోయి కాళ్ళు తీసేయాల్సొస్తుందేమో అని నేను గట్టిగానే అన్నాను.

అప్పుడు కనిషాయ్ కూచుంది. "మీ చేతులు ఇటివ్వండి బాబాయ్," అంది. తాడుని తను ముట్టుకోలేదు. ఆయన లావు వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టింది. ఆయన బొటనవేలిని నెట్టింది. చూపుడువేలిని వంచింది. "ఇక్కడ నొక్కి ఉంచండి. ఇప్పుడు వదలండి. చూశారా, కోపం పోయింది."

మెలిక జారింది. రెండోది జారింది. "ఇది మీరే," అని అది చేతులు తీసేసింది. మూడోది ఆయనే జార్చాడు. తాడు కంబళి మీద పడింది.

జనం అరుపులు, ఈలలు. పొట్టేలు అరిచింది. సాగిన్‌బెక్ మాత్రం మోకాళ్ళ మీదే ఉండి తన వేళ్ళని కదుపుతూ చూసుకుంటున్నాడు.

"అయ్యా," అంది టోతూయా టీచరు. "రుజువు."

"రుజువు అంటే రాసింది టీచరమ్మా," అన్నాడు. గొంతులో ఇందాకటి బింకం లేదు. "మార్పు కాగితం ఈపాటికే నింపాను. కొట్టేసే అధికారం నాకు లేదు. ఇక్కడ జరిగింది జరిగినట్టు వెనక పేజీలో రాస్తాను. పైవాళ్ళు చూస్తారు."

పరుగులో ఆయన ఫైలు నాడా తెగిపోయింది. కాగితాలు గాలికి పోతాయేమోనని కనిషాయ్ ఆ కాళ్ళతాడుతోనే ఫైలు కట్టి ఇచ్చింది. ఆయన చంకలో పెట్టుకుని కారెక్కాడు.

ఆ తర్వాత ఇరవై రోజులు నేను తిన్నది ఒంటికి పట్టలేదు. ఏ కారు చప్పుడు విన్నా పిల్లని కొట్టంలోకి పంపేదాన్ని. చొక్కాల మీద పేరు మళ్ళీ కుట్టాను, ఈసారి ఊరి పేరు కూడా.

ఇరవై ఒకటో రోజు కారు కాదు, వ్యానే వచ్చింది. అందులోంచి ఐదుగురు దిగారు. సాగిన్‌బెక్, ముగ్గురు గుమాస్తాలు, అందరికంటే ముందు ఒక పెద్దావిడ, సాగిన్‌బెక్‌కి పై ఆఫీసరట. సన్నగా, నిటారుగా ఉంది. చేతిలో ఫైలు. ఫైలు చుట్టూ మా నలుపు తెలుపు తాడు.

"ఇది కట్టింది ఎవరు?"

"నేనే," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. పట్టుకెళ్ళేదేదో నన్నే పట్టుకెళ్ళమని అయ్యుంటుంది.

"అయితే విప్పు."

ఫైలు నా చేతుల్లో పెట్టింది. ఐదుగురూ చూస్తుండగా నేను ఆ ముడిని తడుముతూ నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో.

"మా కోడలు ఒట్టినే అంటోంది," అంది అత్తయ్య గుమ్మంలోంచి. "లోపలికి రండి, టీ చల్లారిపోతుంది."

టీ దగ్గర సంగతి బయటపడింది. ఫైలు ఆఫీసుకి చేరిన రోజు నుంచీ ఎవరూ విప్పలేకపోయారు. కత్తిరిస్తే లోపలి కాగితాలు చెల్లవు, అది నిబంధన. సాగిన్‌బెక్ పుస్తకంలో రాసుకున్నది ఆఫీసంతా చదివారు. బొమ్మ గోడకి అంటించారు. ఒకామె బిగ్గరగా చదువుతుంటే ఇంకొకాయన విప్పడానికి చూశాడు. కోపంగా ఉండే పోగు ఏదో తేలక ఇద్దరికీ మాటామాటా వచ్చింది.

"మీరు ఒకసారి విప్పారు కదా బాబూ?" అన్నాను సాగిన్‌బెక్‌తో.

"విప్పానమ్మా. మీ పాప చేతులు పైన ఉన్నాయి కాబట్టి వచ్చింది. ఆఫీసు బల్ల మీద పెట్టేసరికి నావి మళ్ళీ ఆఫీసు చేతులైపోయాయి."

కనిషాయ్‌ని కొట్టంలోంచి పిలిచాను. జుట్టు నిండా గడ్డి. పెద్దావిడ దాన్ని పైనుంచి కింద దాకా చూసింది.

"ఎలా విప్పాలో చెప్పు పాపా."

"చెబితే రాదు పెద్దమ్మా."

"చూపించు."

"చూపిస్తే కూడా రాదు. మీరే చెయ్యాలి."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. చేతులు తుడుచుకుని ముందుకు చాచింది. మా కంబళి మీద అందరూ గుండ్రంగా కూచున్నారు. ఉన్ని ముక్కలతో తలొక తాడు ఇచ్చింది కనిషాయ్, ముందు చిన్నవాటి మీద అలవాటవ్వాలని. ఒకరి దగ్గర్నుంచి ఒకరి దగ్గరికి మోకాళ్ళ మీద జరుగుతూ, అందరి వేళ్ళ మీదా వేళ్ళు పెట్టింది. ఒక గుమాస్తా చిటికెనవేలు ముడిలో ఇరుక్కుంది. నేను సబ్బునీళ్ళకి పరుగెత్తాను. వచ్చేసరికి ఆయన తనే బయటికి తీసుకుని అందరికీ చూపిస్తున్నాడు. ఇంకొకాయన అత్తయ్యకి నేర్పుతున్నాడు. మధ్యాహ్నం టీ మూడుసార్లు పెట్టాను.

చివరికి ఫైలు తెచ్చి మధ్యలో పెట్టారు. పెద్దావిడే విప్పింది. పిల్ల చేతులు ఆమె చేతుల మీద లేవు. తాడు ఊడి పడగానే ఆవిడ నోట్లోంచి "హా" అని ఒక చిన్న కేక వచ్చింది, వెంటనే మొహం సర్దుకుంది.

మార్పు కాగితం తీసింది. చదివింది. వెనక పేజీలో సాగిన్‌బెక్ రాసింది కూడా చదివింది. పొట్టేలు దాకా అంతా రాసినట్టున్నాడు, ఒకచోట కనుబొమలు లేచాయి. నేను గోడకి ఆనుకున్నాను.

"ఈ పిల్ల ఏ విధంగానూ నేర్చుకోదని రాసి ఉంది," అంది.

కాగితాన్ని గుమాస్తాల వైపు తిప్పింది.

"మరి మేమందరం దేంతో నేర్చుకున్నాం ఇందాక?" అంది తన గుమాస్తాలతో.

"చేత్తోనండీ," అన్నారు వాళ్ళు, పిల్లల్లాగా.

ఆవిడ కలం తీసి మార్పు కాగితం మీద అడ్డంగా రెండు గీతలు గీసింది. కింద "ఐదో తరగతిలోనే ఉంచాలి, పని చేయిస్తూ చెప్పాలి" అని రాసి సంతకం చేసింది. సాక్షుల దగ్గర నలుగురూ సంతకాలు పెట్టారు. సాగిన్‌బెక్ పెట్టె తెరిచి ఎరుపు బిళ్ళ తీసి కనిషాయ్ చొక్కాకి అంటించాడు, నేను కుట్టిన పేరు పక్కనే. ఇంకొకటి తీసి, అటూ ఇటూ చూసి, తన కోటు లోపలివైపు అంటించుకున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. "వచ్చే ఏడు మళ్ళీ పరీక్ష పెడతారా?" అని అడిగాను.

"ఊరుకోవే," అంది అత్తయ్య.

బయట డ్రైవరు హారను కొడుతున్నాడు. చీకటి పడితే కనుమ దాటలేరు. కానీ ఫైలు కట్టకుండా తీసుకెళ్ళకూడదట, అదీ నిబంధనే. కనిషాయ్ అలవాటుగా తాడు అందుకోబోయింది.

"ఉండు," అంది పెద్దావిడ. "నేను కడతాను."

కంబళి మీద మళ్ళీ కూచుంది. ఒక మెలిక వేసింది. అది తప్పు. విప్పి మళ్ళీ వేసింది. డ్రైవరు మళ్ళీ హారను కొట్టాడు. ఎవరూ కదలలేదు. ఆవిడ పెదాలు బిగించి మూడోసారి మొదలుపెట్టింది. ఎడమదే కోపంగా ఉందని నాక్కూడా కనిపిస్తోంది. చెప్పబోయి నోరు మూసుకున్నాను. కనిషాయ్ మాత్రం రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, వేళ్ళల్లో వేళ్ళు ఇరికించి, అవి ముందుకి రాకుండా గట్టిగా పట్టుకుని నిలబడింది.